కర్నూలు, కడప సీమలలో వైద్యవృత్తికి యువజనులు నడచిన బాట

కర్నూలు, కడప మండలముల చరిత్రను వ్రాయువారు సాధారణముగా కోటలను గూర్చియు, పాలెగాండ్రను గూర్చియు, కరవులను గూర్చియు వ్రాయుదురు. ఈ సీమ బిడ్డలు ఏ వృత్తిని చేపట్టి బ్రతికిరి, అట్టి వృత్తి యొకటి యున్నదని వారికి ఎవరు చెప్పిరి, దానిని నేర్చుకొనుటకు వారు ఎంత దూరము పోవలసి వచ్చెను అని అడుగువారు అరుదు. వైద్యము విషయమున ఈ ప్రశ్న మిక్కిలి ముఖ్యమైనది. రోగము లేని గ్రామము లేదు గదా! కాని రోగికి ఉపచారము చేయు విద్య మాత్రము చిరకాలము ఈ సీమకు వెలుపలనే యుండెను. అది లోపలికి వచ్చిన తీరు, వచ్చిన పిమ్మట మన పల్లెల పిల్లలకు అందిన తీరు, అందక జారిపోయిన తీరు తెలిసికొనదగినవి.

పూర్వకాలమున వైద్యము ఎంచుకొనెడి వృత్తి కాదు. పుట్టుకతో వచ్చెడి వృత్తి. నాటువైద్యుని కుమారుడు తండ్రి వెంట నల్లమల అంచులకు, ఎర్రమల గుట్టలకు పోయి మూలికలను ఆకును బట్టి, వేరును బట్టి, వాసనను బట్టి గుర్తించుట నేర్చెను. మంగలి పొదిలోని కత్తి క్షౌరమునకే గాక కురుపు కోయుటకును పనికివచ్చెను. ఆ ఇంటి స్త్రీయే పెక్కు గ్రామములలో మంత్రసానియై కాన్పులు చేసెను. ఆమె పనిని కోడలు ప్రక్కన కూర్చుండి నేర్చెను. విరిగిన ఎముకకు కట్టు కట్టు విద్యయు ఇట్టిదే. చిత్తూరు సీమలోని పుత్తూరు కట్టు పేరు విననివారు ఈ జిల్లాలలో నేటికిని తక్కువ. ఈ విద్యలలో లోపములు లేకపోలేదు. బొడ్డుకోసిన కొడవలి శుభ్రముగా లేక ఎందరు పసికందులు ధనుర్వాతమునకు బలియైరో లెక్క వ్రాసినవారు లేరు. అయినను ఆ పద్ధతిలో ఒక మేలుండెను. వైద్యమనగా ఎట్టి పనియో ఆ ఇంటి పిల్లవాడు పదియేండ్లు నిండకమునుపే కన్నులార చూచెను. తరువాత వచ్చిన ఇంగ్లీషు వైద్యమున పోయినది ఈ చూపే.

1800 సంవత్సరమున నిజాము ఈ మండలములను కుంఫిణీవారికి దత్తము చేసెను. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ యను పేరు పెట్టువరకును వీనిని దత్తమండలములనియే వ్యవహరించిరి. కుంఫిణీవారు 1835లో మదరాసులో వైద్యపాఠశాలను స్థాపించిరి. అది 1850లో కళాశాలయయ్యెను. 1875లో అందు స్త్రీలకును ప్రవేశము లభించెను. చెన్నపట్టణపు వారికి ఇది గొప్ప భాగ్యమే. కాని పత్తికొండలోనో, పులివెందులలోనో వీథిబడిలో చదువు పిల్లవానికి ఆ కళాశాల కాశీకన్న దూరము. కాశికి పోయివచ్చిన వృద్ధుడైనను ఊరికొకడుండెను. మదరాసు వైద్యకళాశాలను చూచినవాడు తాలూకాకు ఒకడు లేడు.

ఇంగ్లీషు వైద్యము మొదట పల్లెలకు డాక్టరు రూపమున రాలేదు. టీకాలు వేయువాని రూపమున వచ్చెను. మశూచికి టీకా వేయువాడు ఊరిలో ప్రవేశించినంతనే తల్లులు బిడ్డలను గాదెల చాటున దాచిరి. పిదప 1876 మొదలు 1878 వరకు వచ్చిన మహాక్షామము ఈ జిల్లాలను ఊడ్చివేసెను. ఆకలికి తోడు కలరాయు, మశూచియు, జ్వరములును చెలరేగెను. ఆ కాలమునకు అటు నిటు స్థానికనిధుల సొమ్ముతో తాలూకా కేంద్రములలో చిన్న చిన్న వైద్యశాలలు వెలసెను. జనులు వానిని ధర్మాసుపత్రులనిరి. వానిలో ఆసుపత్రి అసిస్టెంటు, మందులు కలుపు కాంపౌండరు, కట్లు కట్టు డ్రెస్సరు, తోటి అను ఉద్యోగములు ఏర్పడెను. మన గ్రామముల యువకులకు ఆధునిక వైద్యమున దొరికిన మొదటి మెట్టు ఈ చిన్న ఉద్యోగములే. పెద్ద చదువు లేని కుర్రవాడు కాంపౌండరు ప్రక్కన నిలిచి, సీసాపై కాగితము కత్తిరించి మోతాదు గుర్తులంటించుట నేర్చి, కొంతకాలమునకు తానే కాంపౌండరు కాగలిగెను. చరిత్రకారులు పట్టించుకొనకపోయినను, పల్లెవాడు మాత్రము ఆ కాంపౌండరునే డాక్టరుగారని పిలిచెను.

అటుపైని మెట్టు ఎల్.ఎం.పి. చదువు. ఇది పట్టపరీక్షకన్న తక్కువ కాలమున, తక్కువ ఖర్చుతో పూర్తియగు చదువు. మదరాసులోని రాయపురము వైద్యపాఠశాల దీనికి ప్రసిద్ధి. అదియే 1938లో స్టాన్లీ వైద్యకళాశాల యయ్యెను. మదరాసునుండి బొంబాయి పోవు రైలుమార్గము కడప మీదుగా పోవుటచే కడప పిల్లలకు ప్రయాణము కొంత సులభమయ్యెను. కర్నూలువారికి ఆ సౌకర్యమును కొరతయే. 1923లో విశాఖపట్టణమున ఆంధ్రులకు ప్రత్యేకముగా వైద్యకళాశాల ఏర్పడినను అది రాయలసీమకు మదరాసుకంటె ఎడము. కడపనుండి చెన్నపట్టణము ఒక రాత్రి ప్రయాణమైనచో విశాఖ మరియొక దేశము వంటిది.

1946లో భోర్ సంఘమువారు దేశమంతటికిని ఒకే తీరు డాక్టరు చదువు ఉండవలెనని సిఫారసు చేసిరి. ఆ పిదప ఎల్.ఎం.పి. చదువులు క్రమముగా మూతపడెను. వైద్యుని విద్యాస్థాయి పెరుగుట మంచిదే, కాదనరాదు. కాని మెట్టసేద్యము చేయు కుటుంబమునుండి వచ్చిన బీద విద్యార్థికి అందుబాటులోనున్న తలుపొకటి దానితో మూతపడెననుటయు సత్యమే. దానికి బదులుగా మరియొక తలుపు తెరచుటకు ఈ సీమలో ఇంకను పదియేండ్లు పట్టెను.

ఇంతలో ప్రభుత్వముతో నిమిత్తము లేకుండ మరియొక వైపున పని జరుగుచుండెను. పంతొమ్మిదవ శతాబ్ది చివర లండన్ మిషనువారి డాక్టరు క్యాంబెల్ జమ్మలమడుగున వైద్యము ప్రారంభించెను. ఆయన పేరనే అచటి క్యాంబెల్ ఆసుపత్రి వెలసెను. పెన్నానది ఒడ్డున, రాతినేలల నడుమ, ఎద్దుబండ్లపై రోగులు మూడేసి దినములు ప్రయాణము చేసి వచ్చెడి కాలమది. నంద్యాలలో ఎస్.పి.జి. మిషనువారి సెయింట్ వెర్బర్గ్ ఆసుపత్రి యుండెను. మదనపల్లెలో 1911లో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి స్థాపితమయ్యెను. ఆ యేటి వరకు మదనపల్లె తాలూకా కడప జిల్లాలోనిదేయని నేటి పిల్లలకు తెలియకపోవచ్చును. మదనపల్లె ప్రక్కనే 1915లో డెన్మార్కు దేశస్థుడు డాక్టరు ఫ్రిమోడ్ మోలర్ ఆధ్వర్యమున ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయము తెరువబడెను. మనదేశమున బి.సి.జి. టీకాలు 1948లో తొలుత వేసిన స్థలములలో మదనపల్లె యొకటి. క్షయకు మందే లేని కాలమున, మంచిగాలి, మంచి తిండి, విశ్రాంతి అను మూడింటినే ఆయుధములుగా చేసికొని అచటివారు పోరాడిరి.

ఈ ఆసుపత్రులు రోగులకు చేసిన మేలు లోకవిదితము. యువజనులకు చేసిన మేలు అంతగా విదితము కాదు. తెల్లదొరసాని ఒక్కతె నూరుగురు రోగులను చూడజాలదు. కనుక చుట్టుప్రక్కల గ్రామముల బాలికలను చేరదీసి నర్సు పని నేర్పవలసి వచ్చెను. ఆ బాలికలలో ఎక్కువమంది క్రొత్తగా క్రైస్తవము పుచ్చుకొనిన మాల మాదిగ కుటుంబములవారు. అగ్రవర్ణముల వారు తమ బిడ్డలను పంపలేదు. పరపురుషుని తాకవలెను, రాత్రివేళ మేల్కొని యుండవలెను, రక్తము, చీము ఎత్తిపోయవలెను, ఇది పరువుగల ఆడపిల్లకు తగదని వారి తలంపు. తత్ఫలితముగా ఒక విచిత్రము జరిగెను. ఊరి బావికడకు రానీయని కులముల బాలికలే జ్వరము కొలుచు గాజుగొట్టమును, గుండె వినికిడి యంత్రమును ముందుగా చేతబట్టిరి. వారి నీడ తగిలిన స్నానము చేసెడి పెద్దమనుష్యుడు కాలి పుండు కుళ్ళినప్పుడు వారి చేతనే కట్టు కట్టించుకొనెను. శాస్త్రములు చెప్పినను వినని లోకము, నొప్పి చెప్పినప్పుడు వినెను.

రాయలసీమకు దగ్గరలోనే రాయవెల్లూరున డాక్టరు ఐడా స్కడ్డర్ 1909లో నర్సుల శిక్షణమును, 1918లో స్త్రీల వైద్యపాఠశాలను ప్రారంభించెను. 1912లో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి మదరాసు కళాశాలలో పట్టము పొందెను. ఈ రెండు వార్తలును పత్రికల ద్వారా కడప, కర్నూలు పట్టణములలోని చదువుకొన్న ఇండ్లకు చేరెను. పల్లెలకు చేరలేదు. పల్లెలలో పత్రిక తెప్పించువాడు కరణమో, బడిపంతులో; ఆడపిల్లకు ఆ వార్త చదివి వినిపించువాడు ఎవడు?

ఇక ప్రభుత్వకళాశాల కథ. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించి కర్నూలు రాజధాని యయ్యెను. 1937 నాటి శ్రీబాగు ఒడంబడికలో రాయలసీమకు చేసిన వాగ్దానములలో కొన్ని ఆనాడు నెరవేరినట్లు కనిపించెను. తుంగభద్ర ఒడ్డున గుడారములు వేసి కార్యాలయములు నడిపిన ఆ మూడేండ్ల ముచ్చట ముదుసలులు చెప్పగా విన్నవారు ఇప్పటికిని కలరు. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశము ఏర్పడగా రాజధాని హైదరాబాదునకు తరలిపోయెను. ఆ 1956వ సంవత్సరముననే కర్నూలున వైద్యకళాశాల నెలకొల్పబడెను. విశాఖ, గుంటూరుల తరువాత ఆంధ్రప్రాంతమున ఇది మూడవది. రాజధాని పోయినందులకు కర్నూలువారు చాలకాలము దుఃఖించిరి. అయితే నిలిచి చూచినచో, కార్యాలయములు తెచ్చు గుమాస్తా ఉద్యోగములకన్న ఈ కళాశాలయే సీమకు ఎక్కువ ఉపకారము చేసినదని చెప్పక తప్పదు. నాలుగేండ్ల తరువాత 1960లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వైద్యకళాశాలయు ఏర్పడి కడపవారికి మరియొక దారి చూపెను.

కర్నూలు పెద్దాసుపత్రికి ఈ జిల్లావారే గాక అనంతపురమునుండియు, పాలమూరునుండియు, బళ్ళారి, రాయచూరు సీమలనుండియు రోగులు వచ్చిరి, నేటికిని వచ్చుచున్నారు. రోగి వెంట ఒక తమ్ముడో, కుమారుడో వచ్చుట వాడుక. వరండాలో చాప పరచుకొని పదిదినములున్న ఆ కుర్రవాడు తనవంటి యాసతో మాటలాడు వైద్యవిద్యార్థిని చూచెను. రక్తపరీక్ష చేయువానిని, ఎక్స్‌రే తీయువానిని, మందులిచ్చువానిని చూచెను. నాటువైద్యుని కొడుకునకు తండ్రి వెంట నడచుటచే లభించిన చూపు, మరల ఈ వరండాలో లభించెను. కళాశాల మన జిల్లాలో నుండుటకును, ఐదువందల మైళ్ళ దూరమున నుండుటకును గల భేదము సీట్ల లెక్కలో మాత్రమే లేదు.

సీట్ల విషయమునను ఒక రక్షణ ఏర్పడెను. 1973 నాటి ఆరుసూత్రముల పథకము ననుసరించి 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడెను. దాని ప్రకారము రాయలసీమ నాలుగు జిల్లాలును, నెల్లూరును కలిపి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతముగా పరిగణింపబడి, నూటికి 85 సీట్లు ఆ ప్రాంతపు విద్యార్థులకే కేటాయింపబడెను. ఈ ఏర్పాటు లేనిచో కోస్తా పట్టణముల విద్యాలయములలో తీరిన పిల్లలతో మెట్టప్రాంతపు పిల్లలు పోటీ పడజాలక వెనుకబడియుందురు.

డాక్టర్లతోనే ఆరోగ్యము రాదనుటకు నారికురుపు చరిత్ర మంచి తార్కాణము. నీటికి కటకటలాడు ఈ జిల్లాలలో దిగుడుబావులే దిక్కు. మెట్లు దిగి మోకాటిలోతు నీటిలో నిలిచి కడవ ముంచుకొనుట పద్ధతి. కాలిపై పుండునుండి తెల్లని దారమువంటి పురుగు తల చూపిన మనిషి ఆ నీటిలో నిలుచున్నప్పుడు పురుగు వేలకొలది పిల్లలను వదలెను. వానిని నీటిలోని చిన్న జీవులు మ్రింగెను. ఆ నీరు త్రాగినవారి ఒంటిలో ఏడాదికి గజము పొడవు పురుగు పెరిగెను. అది సరిగా విత్తనపు వేళనో, కోతల వేళనో బయటపడి మనిషిని మంచమున పడవైచెను. దీనికి టీకా లేదు, మందు లేదు. 1983-84లో ప్రభుత్వము దీనిని నిర్మూలించు కార్యక్రమమును చేపట్టినప్పుడు కావలసివచ్చినది శస్త్రవైద్యులు కాదు. ఇంటింటికి తిరిగి రోగిని గుర్తించి పట్టిక వ్రాయువాడు, నీటిని గుడ్డతో వడపోయుమని అవ్వలకు ఓపికగా చెప్పువాడు, బావిలో మందు కలుపువాడు, దిగుడుబావిని చేదుడుబావిగా మార్పించువాడు కావలసివచ్చిరి. ఆరోగ్యకార్యకర్తలు, పర్యవేక్షకులు ఈ పని చేసిరి. 1996 జులైలో దేశమందలి చివరి రోగి రాజస్థానమున కనిపించెను. 2000 సంవత్సరమున ప్రపంచ ఆరోగ్యసంస్థ భారతదేశమున ఈ వ్యాధి లేదని ధ్రువపరచెను. పదవ తరగతియో, ఇంటర్మీడియటో చదివిన ఉద్యోగులు సైకిలు త్రొక్కి సాధించిన విజయమిది. ఇంత పని చేసిన వారి పేర్లు ఏ శిలాఫలకముపైనను లేవు.

ఈ నడుమ ప్రైవేటు వైద్యమును పల్లెపట్టులకు దగ్గరయ్యెను. తరువాతి కాలమున ముఖ్యమంత్రియైన డాక్టరు వై.ఎస్. రాజశేఖరరెడ్డి చదువు ముగిసిన క్రొత్తలో జమ్మలమడుగు మిషను ఆసుపత్రిలో పనిచేసి, 1973లో పులివెందులలో తండ్రి పేర 70 పడకల ఆసుపత్రిని నెలకొల్పెను. 2006లో కడపలో ప్రభుత్వవైద్యకళాశాల ప్రారంభమయ్యెను. 2023 సెప్టెంబరులో నంద్యాలయు ప్రభుత్వ వైద్యకళాశాలను పొందెను. అందు 150 సీట్లు. కర్నూలు కళాశాలలో ఏటా 250 మందికి ప్రవేశము కలదు. ఒకప్పుడు తాలూకాకొక ఎల్.ఎం.పి. డాక్టరు లేని సీమకు ఇది చిన్న సంగతి కాదు.

అయినను కళాశాలలు పెరిగినంత మాత్రమున పల్లె విద్యార్థికి దారి పెరిగినదని తలపరాదు. నేడు ఎం.బి.బి.ఎస్. ప్రవేశమునకు దేశమంతటికిని ఒక్కటే పరీక్ష, నీట్. దానికి పట్టణములలో రెండేండ్లు శిక్షణ పొందువారితో ఆలూరు, కోసిగి ప్రాంతముల పిల్లవాడు తలపడవలెను. సీటు రానివాడు తనకు వైద్యరంగమే మూతపడినదని తలచి నిరాశ చెందుచున్నాడు. తల్లిదండ్రుల తలంపును అదియే: అయిన డాక్టరు, కాకున్న ఏదియు కాదు. ఈ తలంపు తప్పని చెప్పువారు గ్రామమున లేకుండుటయే అసలు కొరత.

నాలుగేండ్ల బి.యస్సి. నర్సింగు, మూడేండ్ల జి.ఎన్.ఎం., రెండేండ్ల ఏ.ఎన్.ఎం. అని నర్సింగులోనే మూడు దారులున్నవి. నర్సింగు బాలురకును తెరచియే యున్నది. ఆ సంగతి తెలియని తండ్రులు పెక్కుమంది. ఇంటర్మీడియటులోనే ఒకేషనల్ శాఖన వైద్యప్రయోగశాల పరీక్షల చదువును, బాలికలకు బహుళార్థ ఆరోగ్యకార్యకర్త చదువును కలవు. ఫార్మసీ డిప్లొమా రెండేండ్లు. 1948 నాటి ఫార్మసీ చట్టము క్రింద పేరు నమోదు లేనిదే మందుల దుకాణము నడుపుట చెల్లదు గనుక, పూర్వపు కాంపౌండరు వారసుడు నేడు ఈ పట్టము పొందవలసినదే. ఫిజియోథెరపీ, శస్త్రచికిత్సాగారపు సాంకేతికవిద్య, మూత్రపిండముల శుద్ధియంత్రము నడుపు విద్య మున్నగువానికి 2021లో జాతీయస్థాయిన ఒక చట్టమే వచ్చెను. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రమున ప్రారంభమైన 108 వాహనములో డాక్టరు ఉండడు. దారిలో ప్రాణము నిలుపువాడు శిక్షణ పొందిన సాంకేతిక సహాయకుడే. 2005 తరువాత వచ్చిన ఆశా కార్యకర్తలు ఆ గ్రామపు కోడండ్రే. వీరిలో కొందరు తమ కుమార్తెలను నర్సింగునకు పంపుచున్నారు. చూపు గల ఇంట విద్య నిలుచునను పాత న్యాయము ఇందును కనిపించుచున్నది.

గ్రంథాలయమునకు ఇందు ఏమి పని యని ఎవరైన అడుగవచ్చును. కర్నూలున 1883లో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వయోజనవిద్యను, గ్రంథాలయోద్యమమును ఒకే బండికి రెండు చక్రములుగా నడిపిరి. 1960 నాటి గ్రంథాలయ చట్టము జిల్లా గ్రంథాలయ సంస్థలను ఏర్పరచి, ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్నును విధించెను. ఊరివాడు తన పన్నుతో పోషించు పఠనాలయమున కథల పుస్తకములతో బాటు ప్రవేశప్రకటనలును, దరఖాస్తు గడువులును దొరకుట న్యాయమే. గడువు దాటిన పిమ్మట తెలిసిన ప్రకటన తెలియనిదానితో సమానము. సెలవులకు వచ్చిన నర్సునో, ప్రయోగశాల ఉద్యోగినో ఒక సాయంకాలము పిల్లల నడుమ కూర్చుండబెట్టి, జీతమెంత, రాత్రి పని ఎట్లుండును, చదువునకు ఎంత ఖర్చయ్యెను అని అడిగించు పఠనాలయములు, వేయి రూపాయల పుస్తకము కొన్నదానికన్న ఎక్కువ మేలు చేయును.

మరియొక చిక్కు కలదు. దానిని గూర్చి పట్టణపు వారు తలపరు. పైన చెప్పిన 1974 నాటి ఉత్తర్వు ప్రకారము స్థానికుడనిపించుకొనుటకు అర్హతపరీక్షతో ముగియు వరుస నాలుగు విద్యాసంవత్సరములు ఆ ప్రాంతపు పాఠశాలలలో చదివియుండవలెను. కర్నూలు జిల్లా పశ్చిమభాగమున వానలు లేని యేడు కుటుంబములకు కుటుంబములే గుంటూరు మిరప చేలకును, బెంగుళూరు కట్టడపు పనులకును వలసపోవును. పిల్లలును వెంట పోవుదురు. అచట ఒక యేడు, ఇచట ఒక యేడు చదివిన బాలిక తెలివిగలదైనను, వరుస తప్పిన చదువు ఆమెను తన సీమలోనే పరాయిదానిని చేయవచ్చును. ఇట్టి బాలికలను అవ్వ తాతల వద్దనో, ప్రభుత్వ వసతిగృహముననో, కస్తూరిబా విద్యాలయముననో నిలుపుటయు, ఏటేట చదువు ధ్రువపత్రము తీసి భద్రపరచుటయు తొమ్మిదవ తరగతినాడే జరుగవలసిన పనులు. పన్నెండవ తరగతి పూర్తియైన పిమ్మట వెదకినచో ఆ పత్రము దొరకదు.